సోలార్ అప్పును కరెంటు బిల్లే తీర్చాలి, పల్లీ రైతు డబ్బు కాదు

గానుగ షెడ్డు మీద సోలార్ గురించి పెట్టిన వీడియో చూశాక చాలామంది అడిగింది ఒక్కటే: "అన్నా, ప్యానెళ్లు సరే, డబ్బు ఎట్లా?" వీడియోలో అన్ని అంకెలు చెప్తే బుర్రకెక్కవు. అందుకే ఇక్కడ రాస్తున్నా, పెన్నూ కాగితం పట్టుకుని చదవండి.

మాది నాదర్‌గుల్. మూడు కట్టె గానుగలు. పాలమూరు వైపు ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల దగ్గర పల్లీలు, నువ్వులు కొని, నూనె తీసి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ఇళ్లకు ఇస్తాం. మనలాంటి చిన్న యూనిట్లకు ఉండేది ఒకటే గల్లా. సోలార్ ఈఎంఐకి తక్కువ పడితే, ఆ డబ్బు రైతుకు ఇవ్వాల్సిన దాంట్లోంచే పోతుంది. పంట ఇచ్చి డబ్బు కోసం తిరిగిన రైతు మరుసటి ఏడు మనకు పల్లీ ఇవ్వడు. కాబట్టి సూత్రం ఒక్కటే: తగ్గిన కరెంటు బిల్లే అప్పు వాయిదా కట్టాలి.

ముందు సబ్సిడీ సంగతి

78 వేల సబ్సిడీ వస్తుందని చెప్పి షాపులకు, షెడ్లకు కూడా అమ్మేవాళ్లు తిరుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం ఇళ్ల మీటర్లకు మాత్రమే. 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, అక్కడితో ఆఖరు. వ్యాపార మీటరుకు అది రాదు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పొలం పంపులకు, పొలాల్లో పెట్టే 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లకు. గానుగ షెడ్డు పైకప్పుకు అదీ కాదు.

ఇంకొకటి. పొలం మోటారుకు ఉచిత కరెంటు ఉంది కదా, దాని మీదే గానుగ తిప్పుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. తిప్పకూడదు. ఆ కనెక్షన్ సాగుకే.

ఎన్ని కిలోవాట్లు పెట్టాలి?

మన హైదరాబాద్ ఎండకు 1 కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. దానికి సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. మా మూడు గానుగలకు ఒక్కోదానికి 3 హెచ్‌పీ మోటారు. మూడూ పూర్తిగా నడిచే నెలలో 1,250 యూనిట్ల దాకా కాలుతుంది. పల్లీ నిల్వ తగ్గే నాలుగు నెలలు ఒక్క గానుగే, 400 యూనిట్లు.

లెక్క తేలికగా ఉండటానికి కిలోవాట్‌కు 60 వేలు ఖర్చు, యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. మీ కొటేషన్, మీ బిల్లు చూసి మీ అంకెలు వేసుకోండి.

10 కిలోవాట్లు పెడితే 6 లక్షలు. లక్ష మనది, 5 లక్షలు అప్పు. 10 శాతం వడ్డీకి ఏడేళ్లయితే ఈఎంఐ 8,301. నెలకు 1,200 యూనిట్లు వస్తాయి. ఎనిమిది నెలలు మొత్తం వాడుకుంటే నెలకు 9,600 మిగులు. మిగతా నాలుగు నెలలు వాడుకునేది 400 యూనిట్లే, 3,200 మిగులు. ఏడాది సగటు తీస్తే నెలకు 7,467. అంటే ప్రతి నెలా 834 రూపాయలు గల్లాలోంచి పోతాయి.

అదే 6 కిలోవాట్లయితే 3 లక్షల 60 వేలు. 60 వేలు మనవి, 3 లక్షలు అప్పు. ఈఎంఐ 4,980. సగటు మిగులు 4,907. దాదాపు సరిసమానం.

"నెట్ మీటర్ ఉంది కదా, మిగిలినవి గ్రిడ్‌కు పోతాయి కదా" అంటారు. పోతాయి, ముందు నెలల వాడకంలో సర్దుబాటు కూడా అవుతాయి. కానీ గడువు లోపల వాడుకోకుండా మిగిలిన యూనిట్లకు వచ్చే రేటు, మనం కొనే రేటు కంటే బాగా తక్కువ. దాన్ని లాభంగా చూసుకోండి, ఈఎంఐ లెక్కలో కలపకండి. బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ ఎప్పటిలాగే వస్తుంది. బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోతే ఆగిపోతుంది. ఇవీ గుర్తుంచుకోండి. సీజన్ వ్యాపారానికి పైకప్పు నిండా ప్యానెళ్లు అక్కర్లేదు.

అప్పు ఎక్కడ?

ముద్రలో కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. అంతకు మించితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని టర్మ్ లోన్ అడగండి. దానికి సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ పెట్టమనండి. గ్యారంటీ ఫీజు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి.

కొత్తగా గానుగ పెట్టేవాళ్లు పీఎంఎఫ్ఎంఈ చూడండి. 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ, బ్యాంకు అప్పుతో ముడిపెట్టి ఇస్తారు. ప్రాజెక్టు రిపోర్టులో సోలార్ కూడా చేర్చొచ్చా అని జిల్లాలో పథకం చూసేవాళ్లను రిపోర్టు రాయకముందే అడగండి. గోడౌన్, గ్రేడింగ్, కోల్డ్ రూమ్ కట్టేవాళ్లకు 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి ఉంది. 2 కోట్ల దాకా అప్పుకు ఏడేళ్ల వరకు వడ్డీలో 3 శాతం తగ్గింపు. పథకాలకు గడువులు ఉంటాయి, దరఖాస్తుకు ముందు కనుక్కోండి.

కొటేషన్ చూసేటప్పుడు జీఎస్టీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద 12 శాతం కాదు, 5 శాతం. పద్దులు రాసి ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు సోలార్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల దొరుకుతుంది. పద్దులు లేకుండా అంచనా లాభం మీద పన్ను కట్టేవాళ్లకు ఇది విడిగా రాదు.

"10 శాతమే" అంటే ఏ 10 శాతం?

5 లక్షలకు, ఐదేళ్లకు, తగ్గే బాకీ మీద 10 శాతమైతే ఈఎంఐ 10,624. ఫ్లాట్ 10 శాతమైతే 12,500. రెండూ "10 శాతం" అనే చెప్తారు. ఆ ఫ్లాట్ వడ్డీ నిజానికి 17 శాతం పైమాటే. శాతం అడగకండి, "మొత్తం ఎంత కడతాను?" అని అడగండి.

వాయిదా ఎప్పుడు మొదలవ్వాలి?

మాకు తెలిసిన ఒక మిల్లు ఆయనకు ప్యానెళ్లు బిగించిన రెండు నెలలకు గానీ నెట్ మీటర్ రాలేదు. ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచే మొదలైంది. మీటర్ పడేదాకా అసలు వాయిదా వద్దని లోన్ కాగితాల్లోనే రాయించుకోండి. అమ్మిన కంపెనీకి ఆఖరి 10 శాతం మీటర్ తిరిగాకే ఇవ్వండి.

1995లో బెంగళూరులో సెల్కో పెట్టినవాళ్లలో ఒకరైన హరీశ్ హందేకు 2011లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు గ్రామీణ బ్యాంకులతో కూర్చుని, పేదవాళ్ల చేతికి డబ్బు వచ్చే తీరుకు తగ్గట్టు వాయిదాలు కుదిర్చారు. మనమూ అదే అడగాలి. మా దగ్గర జనవరి నుంచి మార్చి దాకా యాసంగి పల్లీ కొనాలి, చేతిలో డబ్బు నిలవదు. ఆ మూడు నెలలు వాయిదా తగ్గించి, అమ్మకాలు బాగుండే నెలల్లో పెంచమని అడగొచ్చు. అడగకుండా మాత్రం ఎవరూ ఇవ్వరు.

అద్దె షెడ్డులో ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. మా నాదర్‌గుల్ చుట్టూ ఏడాదికేడాది ప్లాట్లు పడుతున్నాయి. మూడేళ్ల అగ్రిమెంటు మీద ఏడేళ్ల అప్పు తీసుకుంటే, షెడ్డు పోయినా అప్పు మిగులుతుంది. ఓనర్‌తో అప్పు కాలానికి సరిపడా రాతపూర్వకంగా రాసుకున్నాకే ముందుకు పోండి.

బ్యాంకుకు పోయేటప్పుడు 12 నెలల కరెంటు బిల్లులు, మంజూరైన లోడ్ కాగితం, రెండు కొటేషన్లు, ఉద్యమ్ సర్టిఫికెట్ పట్టుకుపోండి. పైన చెప్పిన లెక్క ఒక పేజీలో రాసి మేనేజర్ ముందు పెట్టండి. అప్పు తీరాక ప్యానెళ్లు ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తాయి, కానీ మధ్యలో ఇన్వర్టర్ మార్చాల్సి రావొచ్చు. దానికోసం నెలకు కొంత పక్కన పెట్టండి. మీ బిల్లులో నెలకు ఎన్ని యూనిట్లో, సీజన్ ఎన్ని నెలలో కామెంట్లో రాయండి, వచ్చే వీడియోలో ఆ లెక్కలే వేద్దాం.