కొవ్వు తగ్గింపు : అందుకోగల లక్ష్యం

మన సంస్థలో ఏటా జరిగే వైద్య పరీక్షల అనంతరం నలభై దాటిన ఉద్యోగుల నివేదికల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటున్నది: "బరువు తగ్గవలెను." ఎంత తగ్గవలెనో, ఎంత కాలంలో తగ్గవలెనో, ఏ విధంగా తగ్గవలెనో అందులో ఉండదు. పరిమాణమూ, గడువూ లేని వర్క్ ఆర్డరు మన చేతికి వస్తే సంతకం చేయకుండా వెనక్కి పంపుతాము. శరీరం విషయంలో మాత్రం ఆ ఖాళీలను మనమే, అదీ ఆవేశంలో, పూరించుకుంటాము.

నేనూ అట్లే పూరించుకున్నాను. 2021 పరీక్షలో నా బరువు 84 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. పరగడుపున చక్కెర 112 వచ్చింది. అనగా మధుమేహం గడప వద్దకు వచ్చి నిలుచున్నది. మా తండ్రిగారు అదే వ్యాధితో చివరి ఆరేళ్లు చూపు లేకుండా గడిపారు. ఆ భయంతో ఆ రాత్రే డైరీలో వ్రాసుకున్నాను: "మూడు నెలల్లో 15 కిలోలు."

మోటారు వేడెక్కితే కారణం లెక్క కట్టి చూడనిదే విప్పని వాణ్ణి, ఈ లక్ష్యానికి మాత్రం లెక్క కట్టలేదు. కట్టి ఉంటే సంగతి అప్పుడే తేలేది. ఒక కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 క్యాలరీల శక్తి నిల్వ ఉంటుంది. 15 కిలోలకు 1,15,500. దానిని 90 రోజులకు పంచితే రోజుకు 1,283 క్యాలరీల లోటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషునికి రోజుకు కావలసినది 2,110 క్యాలరీలు. నా బరువుకు మరికొంత కలిపినా, నాకు మిగిలేది రోజుకు వెయ్యి పైచిలుకు మాత్రమే. ఆ వెయ్యితో రాత్రి షిఫ్టులో కన్వేయర్ గ్యాలరీ మెట్లెక్కి దిగవలెను!

మొదటి పది రోజుల్లో 3 కిలోలు తగ్గాను. ఎంతో సంతోషించాను. అది కొవ్వు కాదని తరువాత తెలిసింది. శరీరం కాలేయంలోనూ, కండరాల్లోనూ గ్లైకోజెన్ అనే పిండి పదార్థాన్ని నిల్వ చేస్తుంది. దానితోపాటు దానికి మూడింతల బరువు నీటినీ పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందుగా ఖాళీ అయ్యేది ఆ నిల్వ. మామూలు భోజనం రెండు రోజులు చేస్తే ఆ నీరు తిరిగి చేరుతుంది. నెల తిరిగేసరికి తలనొప్పి, చిరాకు, పనిలో పరధ్యానం మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున పర్మిట్ కాగితంపై తప్పు ఫీడరు నంబరు వ్రాసి, సహచరుడు చూసి చెప్పినందున బయటపడ్డాను. ఆ రోజుతో ఉపవాసాలు ఆగిపోయాయి. సంక్రాంతి నాటికి 86 కిలోలకు చేరుకున్నాను.

అసలు నష్టం ఆ 2 కిలోలు కాదు. ఓడిపోయిన సిగ్గుతో మరుసటి సంవత్సరం, అనగా 2022లో, వైద్య పరీక్షకే వెళ్లలేదు. ఏదో ఒక బ్రేక్‌డౌను సాకు చూపి తప్పించుకున్నాను. పరీక్ష ఎక్కువ అవసరమైన మనిషే పరీక్షకు దూరమైనాడన్నమాట. మన టౌన్‌షిప్‌లో ఇట్లా తప్పించుకుని తిరిగేవారు నేనొక్కడినే కాదని నా అనుమానం.

2023లో మరల మొదలుపెట్టినప్పుడు ముందు లక్ష్యాన్ని మార్చాను. బరువులో 5 శాతం, ఆరు నెలల్లో. 84కు తిరిగి వస్తే చాలునన్న ఆశ కాక, 86 నుండి 4 కిలోలు తగ్గి 82కు చేరడం అన్న నిర్ణయం. వినడానికి చాలా చిన్న అంకె. కాని ఇంత చిన్న అంకెకు ఫలితం ఉంటుందా అన్న సందేహానికి పరిశోధనలు సమాధానం చెప్పాయి. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మధుమేహపు గడప వద్ద ఉన్నవారికి బరువులో 7 శాతం తగ్గింపు, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా ఇచ్చారు. వ్యాధి సోకే అవకాశం 58 శాతం తగ్గింది. మనకు మరింత దగ్గరిది చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం జరిపి 2006లో ప్రచురించిన భారతీయ అధ్యయనం. మూడేళ్లలో మామూలు సలహా మాత్రమే పొందినవారిలో 55 శాతం మందికి మధుమేహం రాగా, తిండిలోనూ నడకలోనూ మార్పులు చేసుకున్న బృందంలో 39.3 శాతం మందికే వచ్చింది. విశేషమేమిటంటే ఆ బృందంలో బరువు చెప్పుకోదగినంతగా తగ్గనే లేదు! తూకపు యంత్రం ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూ ఉండవచ్చునన్నమాట.

ఇక్కడ మన దేశస్థుల శరీర నిర్మాణం గురించి ఒక మాట. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఛాయాచిత్రాన్నే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బీఎంఐ సూచిక ఇద్దరికీ సరిగ్గా 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. చూపులకు సన్నగా ఉన్నా మన కొవ్వు పొట్టలో దాగి ఉంటుంది. అందువల్లనే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగానూ, 25 దాటితే స్థూలకాయంగానూ పరిగణిస్తున్నారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఈ టేపు కొలతను చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత తీయవలెను. పొట్ట లోనికి పీల్చి తీస్తే మనల్ని మనమే మోసగించుకున్నట్లు.

ఇప్పుడు లెక్క. 4 కిలోలకు 30,800 క్యాలరీలు. 180 రోజులకు పంచితే రోజుకు 171. అయితే బరువు తగ్గుతున్న కొద్దీ శరీరం తన ఖర్చునూ తగ్గించుకుంటుంది. మన నోరు చెప్పే లెక్క ఎప్పుడూ తక్కువే. కనుక డిజైనులో మార్జిను ఉంచినట్లు 300 పెట్టుకున్నాను. రోజుకు ఐదు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర నా అలవాటు. దానిని అర చెంచాకు తగ్గిస్తే 150 క్యాలరీలు మిగిలాయి. నా బరువు గల మనిషి ఒక కిలోమీటరు నడిస్తే, కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది నలభై చిల్లర. 3 కిలోమీటర్లకు 125. రాత్రి భోజనంలో ఒక గరిటె అన్నం తక్కువ. మూడు వందలు పూర్తయ్యాయి. క్యాంటీన్ పెద్ద సమోసా ఒకటి సుమారు 250 క్యాలరీలు కనుక, దానిని నడిచి కరిగించడం కంటే పళ్లెంలోనే వదిలివేయడం సులభమని కూడా ఈ లెక్కే నేర్పింది.

మరి షిఫ్టుల సంగతి? పత్రికలు ఇచ్చే ఆహార పట్టికలన్నీ పది గంటలకు ఆఫీసుకు వెళ్లేవారి కోసం వ్రాసినవి. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు నాలుగున్నరకే లేచేవానికి, రాత్రి పదికి వెళ్లి తెల్లవారి ఇల్లు చేరేవానికి "రాత్రి ఏడు తరువాత తినరాదు" అన్న సూత్రం ఏమి పనికివస్తుంది? నిద్ర చాలని వారంలో ఆకలి హెచ్చుతుందన్నది అందరికీ అనుభవమే. కనుక రాత్రి షిఫ్టు వారానికి నా లక్ష్యం సున్నా. తగ్గనవసరం లేదు, పెరగకుంటే చాలు. ఇంటినుండి డబ్బాలో రెండు చపాతీలు, పప్పు, పెరుగు తీసుకువెళ్లి అర్ధరాత్రి లోపల తినడం, తెల్లవారి ఇంట్లో తేలికపాటి టిఫిను, ఆపైన నిద్ర. ఆరు నెలల్లో 26 వారాలు. మూడవ వంతు రాత్రి షిఫ్టులకు పోగా మిగిలినవి 17. వారానికి పావు కిలో కంటే తక్కువే పడింది. దసరా, సంక్రాంతి దినాలను కూడా షట్‌డౌన్ దినాలవలె ముందే క్యాలెండరులో గుర్తించి ఉంచాను. అరిసె తిని బాధపడడం కంటే, లెక్కలో చేర్చి తినడం మేలు.

ఈ లెక్కలన్నీ ఒక ఆదివారం గర్వంగా చూపగా, మా శ్రీమతి ఒకే ప్రశ్న వేసింది: "అంతా బాగానే ఉందండీ, నూనె డబ్బా లెక్క ఏదీ?" నిజమే, నేను వ్రాయలేదు. కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాములు నూనె చాలునని పోషకాహార సంస్థ ప్రమాణం. నలుగురు పెద్దవాళ్లున్న మా ఇంటికి నెలకు సుమారు 3 లీటర్లు. మేము వాడుతున్నది 5. ఆ అదనపు 2 లీటర్లు తలకు రోజుకు 130 క్యాలరీలకు పైమాట. కాగిన నూనె కొంత పారబోసినా వందకు తగ్గదు. ఆమె మూకుడు వేపుళ్లను వారానికి ఒకసారికి తగ్గించి, నెలకు మూడున్నర లీటర్లకు తెచ్చింది. నా నడకకంటే ఆమె డబ్బాయే ఎక్కువ పని చేసిందని ఒప్పుకోవలెను. మరొకటి: భర్త పట్టికను భార్య అనుసరించరాదు. కూర్చుని పనిచేసే స్త్రీ అవసరం 1,660 క్యాలరీలే. అందులో 300 కోత పెద్ద కోత. మిగిలిన అన్నం పారవేయలేక తినే అలవాటును మానుకోవడమే మా ఇంట్లో ఆమె పెట్టుకున్న లక్ష్యం.

కొలిమి ముందు, ఎండలో బరువులు మోసే పనివారు ఈ కోతలు విధించుకోరాదు. వారి అవసరమే వేరు. ఇన్సులిన్ గాని, చక్కెర మాత్రలు గాని వాడేవారు వైద్యునికి తెలుపకుండా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. అతి వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం కూడా ఉన్నది. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించి అన్నం మాత్రం నిలుపుకుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది.

ఆరు నెలలకు 4 కిలోలకు బదులు మూడున్నర తగ్గాను. నడుము 103 నుండి 98కి వచ్చింది, చక్కెర 104. ఈసారి పరీక్షకు పిలవకముందే వెళ్లాను. ప్రస్తుతం బరువు 79, నడుము 94. నా బల్ల సొరుగులో ఫీలర్ గేజి ప్రక్కన టేపు ఉంటుంది. నెల మొదటి ఆదివారం కొలిచి డైరీలో వ్రాస్తాను. 90కి ఇంకా 4 సెంటీమీటర్లున్నవి. ఈ సంవత్సరానికి పెట్టుకున్నది 2.