మందు డబ్బా తీసే ముందు తోటలో దీపం పెట్టి చూడండి

పోయిన ఏడు వానాకాలంలో మేము ఒక తప్పు చేసినాము. సాయంత్రం మల్బరీ తోటలో రెక్కల పురుగులు ఎగరడం చూసి భయపడి, అవేవో తెలుసుకోకుండానే మందు కొట్టించినాము. ఆగాల్సిన దినాలు ఆగకుండా ఆకు కోసి వేసినాము. మూడో జ్వరం లేచిన పురుగులు తలలు ఊపుతూ, పచ్చగా కక్కుతూ తట్టల్లోనే పడిపోయినాయి. నూరు గుడ్ల పంట చేతికి రాలేదు.

అందుకే ఈసారి మందు కొట్టకముందే దీపం పెట్టినాము. పెద్ద ఖర్చేమీ లేదు. తోట గట్టున రెండు కట్టెలు నాటి పాత తెల్ల పంచె కట్టినాము. దాని ముందర ఒక బల్బు వేలాడదీసినాము. పొద్దు మునిగినాక రెండు మూడు గంటలు చాలు. పండు వెన్నెల రోజుల్లో పురుగులు తక్కువగా వస్తాయి, అమావాస్య దగ్గర పెట్టండి. దీపం మాత్రం పురుగుల ఇంటికి దూరంగానే ఉండాల.

పంచె మీద వాలినవన్నీ మనకు శత్రువులు కావు. మల్బరీకి చెరుపు చేసేవాటిలో ముఖ్యంగా మూడింటిని గుర్తుపట్టాల.

*ఆకుచుట్టు పురుగు:* తల్లి చాలా చిన్నది. రెక్కల మీద తెలుపు, గోధుమరంగు పట్టీలుంటాయి. దీని పిల్ల చిగురాకును దారంతో చుట్టి లోపల దాక్కుంటుంది.

*లద్దె పురుగు:* ముందు రెక్కలు గోధుమరంగు, వాటి మీద అడ్డదిడ్డంగా లేత గీతలు. వెనక రెక్కలు తెలుపు. గుడ్లను కుప్పగా పెట్టి నూగుతో కప్పుతుంది.

*కంబళి పురుగు:* రెక్కలు లేత పసుపు, వాటి మీద నల్ల చుక్కలు. పొట్ట ఎరుపు. పిల్లలు గుంపుగా ఆకు అడుగున చేరి ఆకును జల్లెడ చేస్తాయి.

పొడుగు తొండంతో వేగంగా ఎగిరే పెద్ద పురుగులు కూడా వస్తాయి. అవి రాత్రిపూట పూలలో తేనె తాగి పుప్పొడి మోస్తాయి, వాటిని వదిలేయండి. మన పట్టుచిలుక మాత్రం దీపానికి రాదు. వేల ఏండ్లుగా మనిషి చేతిలో పెరిగి, రెక్కలుండి కూడా ఎగరడం మరిచిపోయింది.

మా పంచె మీద ఎక్కువగా వాలింది ఆకుచుట్టు తల్లే. మరుసటి రాత్రి నుంచి దీపం కింద సబ్బునీళ్ల బేసిన్ పెట్టినాము. పగలు చుట్టుకున్న చిగుళ్లు తుంచి, సబ్బునీళ్లలో ముంచి చంపినాము. గుడ్లను తినే ట్రైకోగ్రామా కార్డులు కట్టినాము. మందు కొట్టలేదు. మొన్న ఆ ఆకే వేసినాము, పురుగులు నాలుగో జ్వరం బాగా లేచినాయి.

మీ దీపానికి ఏం వాలినాయో ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. పక్కన రూపాయి బిళ్ల ఉంచితే సైజు తెలుస్తుంది. పేరు తేలేదాకా మందు డబ్బా మూత తీయొద్దు.