ప్యానెల్ మీదుగా పైపు వద్దు

బేస్‌మెంట్‌లో ఘాటు వంటలకి రెండో వంటగది కట్టించేటప్పుడు, మా ప్లంబర్ దగ్గరదారని చన్నీళ్ళ పైపుని కరెంటు ప్యానెల్ పైనుంచి తీసుకెళ్తానన్నాడు. నేను వద్దన్నాను. "కొత్త పైపేగా, లీకెందుకవుతుంది?" అన్నారు మావారు.

లీకే అవ్వక్కర్లేదండీ. జులై ఉక్కలో చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టే చెమటే ఆ పైపుకీ పడుతుంది. చుక్కలు ప్యానెల్లోకి దిగితే లోపల తుప్పు. తుప్పుపట్టిన బ్రేకర్ అవసరానికి ట్రిప్ అవ్వకపోవచ్చు. నాకు అదే భయం.

అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 110.26 చెప్పేది ఇది: ప్యానెల్ వెడల్పు, లోతు ఎంతో అంత మేర, నేల నుంచి ప్యానెల్‌కి 6 అడుగుల పైవరకు (సీలింగ్ అంతకన్నా కిందుంటే అక్కడివరకు) నీళ్ళ పైపులు, డక్టులు రాకూడదు. ముందువైపు కనీసం 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు ఖాళీగా ఉంచాలి. మనవాళ్ళు బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పేర్చేది సరిగ్గా అక్కడే!

చివరికి పైపుని చుట్టూ తిప్పించాం. రెండు ఎల్బోలు, కాస్త కూలి ఎక్కువయ్యాయి, అంతే.

మీ ప్యానెల్లో తడి కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి. మెయిన్ ఆపినా బయటినుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.