నాకేం జబ్బుందని మాత్ర మింగాలి?

మాది ముప్కాల్. కొన్నేళ్ల కిందట ఓ పొద్దున ఆశా కార్యకర్త బోదకాలు మాత్రలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, అన్నం తిన్నవా? తింటే నా ముంగటనే మింగాలె" అంది.

అత్తమ్మ వాచిన కాలు చూపించి, "జబ్బు ఆమెకున్నది. నాకేమున్నదని మింగాలె?" అన్నాను. తర్వాత మింగుతానని తీసుకుని, ఆమె అటు వెళ్లగానే కేలండర్ వెనక దోపేశాను. మాత్ర మింగిన పక్కింటామెకు సాయంత్రానికి జ్వరమొచ్చింది. మింగకపోవడమే మంచిదైందనుకున్నాం, బీడీలు చుట్టుకుంటూ వాడకట్టు ఆడవాళ్లమంతా.

ఎంత పొరపాటు!

కాలు వాచిన చాలామంది రక్తంలో అప్పటికి పురుగు పిల్లలు కనిపించవు. అవి ఎక్కువగా ఉండేది ఏ నొప్పీ, వాపూ లేకుండా తిరిగేవాళ్లలోనే. అవి రాత్రిపూట ఒంటి పైభాగపు రక్తంలోకి వస్తాయి. మురికి మోరీల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. ఈ జబ్బుకు రక్తపరీక్ష రాత్రివేళ చేసేది అందుకే. అంటే మా ఇంట్లో అనుమానించాల్సింది అత్తమ్మను కాదు, నన్నే కావచ్చు!

మరి కనబడనివాళ్లను లెక్కలోకి తెచ్చేదెలా? 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్, ఆ జబ్బు వ్యాప్తిని గణితంలో పెట్టిన తొలి మనిషి కూడా. బోదకాలుకూ అలాంటి లెక్క వచ్చింది. పుదుచ్చేరి పరిశోధకులు, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కలిసి అక్కడి జనం రక్తపరీక్షల ఆధారంగా కంప్యూటర్‌లో ఓ నమూనా తయారుచేశారు. ఎంతమంది మింగితే ఎన్నేళ్లకు వ్యాప్తి ఆగుతుందో అందులో చూడొచ్చు. పెద్ద పురుగు ఒంట్లో ఏళ్లతరబడి బతుకుతుంది. మాత్ర ముఖ్యంగా చంపేది దాని పిల్లలను. అందుకే ఏటా మింగాలి, ఊరి జనాభాలో కనీసం 65 శాతం మింగాలి. ఏటా తప్పించుకునేవాళ్లు కొందరున్నా, వాళ్లనుంచి దోమ మళ్లీ ఊరికి పంచుతుంది.

పక్కింటామె జ్వరం సంగతంటారా? రక్తంలో పురుగులున్నవాళ్లకు, అవి చస్తున్నప్పుడు జ్వరం, తలనొప్పి రావడం మామూలే. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. ఆ జ్వరం మమ్మల్ని భయపెట్టాల్సింది కాదు, మేల్కొల్పాల్సింది. అయితే రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు మాత్రం మింగకూడదు. పరగడుపున ఎవరూ మింగకూడదు.

మన దేశంలో ఏటా ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచే కార్యక్రమం 2004లో పెద్ద ఎత్తున మొదలైంది. తర్వాత ఆల్బెండజోల్ తోడైంది. 2027 నాటికి బోదకాలును తరిమేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. మాత్ర పంచడం వాళ్ల పని, మింగడం మన పని.

అత్తమ్మ కాలు మళ్లీ మామూలు కాలేదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిస్తే పుండ్లు పడవు, జ్వరాలు తగ్గుతాయి. ఆ పని నేనే చేశాను. మరుసటి ఏడు మాత్రలొచ్చినప్పుడు నాకు మంచినీళ్ల గ్లాసు అందించింది మాత్రం ఆమే. "మింగు బిడ్డా, పిల్లలున్న ఇల్లు" అంది.