కుమ్మరి సారె నుంచి క్రాంకు దాకా

మొయినాబాద్ దాటి బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్లకు వెళ్తుంటే రెండు పక్కలా మర్రిచెట్లు గొడుగు పడతాయి. ఆ నీడలోనే ఏళ్ల తరబడి మోపెడ్లు కూరగాయల మూటలతో పట్నం దారి పట్టాయి. తోటల్లో మందు కొట్టే పెట్రోలు పంపులు ఎన్నింటిలోనో ఉన్నదీ ఆ జాతి ఇంజనే: టూ స్ట్రోక్. దాని మోతా నీలిపొగా అందరికీ తెలుసు. దాని గుణాన్ని నిర్ణయించేది మాత్రం లోపల దాగి, పిస్టను ఎగుడుదిగుడును చుట్టుగా మార్చే క్రాంకు.

ఈ ఇంజనుకు దారి వేసినవాడు ఇంగ్లండులోని బాత్ పట్టణానికి చెందిన జోసెఫ్ డే. క్రాంకు తిరిగే గదినే పంపుగా వాడుకునే ఇంజనును 1890ల మొదట్లో తెచ్చాడు. ఆ వంశం మన హైదరాబాదుకూ చేరింది. ఆల్విన్ పుష్పక్ స్కూటరు అందులోదే. 1985లో యమహా ఆర్‌ఎక్స్100 వచ్చాక కుర్రకారుకు ఈ ఇంజను పికప్ రుచి తెలిసింది.

ఆ బండిలో పిస్టను నడక 50 మిల్లీమీటర్లు. క్రాంకు నిమిషానికి 7,500 చుట్లు తిరిగితే పిస్టను సెకనుకు 125 సార్లు పైకెక్కి దిగుతుంది. ఆ జోరులో పైకొసన వెనుదిరిగేటప్పుడు పిస్టనులోని ప్రతి 100 గ్రాములూ క్రాంకును 150 కిలోలకు మించిన బలంతో గుంజుతాయి. వేగం రెట్టింపైతే గుంజుడు నాలుగింతలు.

ఎదురు బరువు పెడితే సరిపోదా? క్రాంకు పిన్ను గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి దాన్ని పూర్తిగా తూచవచ్చు. పిస్టను కదలిక నిలువునే. దాని మొత్తానికి ఎదురు బరువు పెడితే నిలువు అదురు తగ్గి, అడ్డం అదురు పుడుతుంది. అందుకే ఒంటి సిలిండరు ఇంజన్లలో సుమారు సగానికి తూచి, మిగిలిన అదురును రెండు దిక్కులకూ పంచుతారు.

టూ స్ట్రోకుకు మరో చిక్కుంది. పెట్రోలు కలిసిన గాలి ముందు క్రాంకు గదిలోకి వచ్చి, దిగే పిస్టను ఒత్తిడితో పైకి వెళ్తుంది. తూకం కోసం క్రాంకు బిళ్లలకు రంధ్రాలు వేస్తే గదిలో ఖాళీ పెరిగి ఆ ఒత్తిడి తగ్గుతుంది. అందుకే కొన్ని ఇంజన్లలో ఆ రంధ్రాలను తేలికపాటి బిళ్లలతో మూస్తారు.

ఇక జడత్వం. కుమ్మరి సారెను చూడండి. కర్రతో ఒకసారి తిప్పి వదిలితే కుండ రూపు దిద్దుకునే దాకా తిరుగుతూనే ఉంటుంది. అంచు బరువు మహిమ అది. నడిమి నుంచి రెట్టింపు దూరంలో ఉన్న బరువుకు జడత్వం నాలుగింతలు. టూ స్ట్రోకులో చుట్టుకొక పేలుడు. పేలుడుకూ పేలుడుకూ మధ్య ఇంజనును నడిపించేది ఈ జడత్వమే. క్రాంకుతో కలిసి తిరిగే చక్రం, అంటే ఫ్లైవీలు, బరువుగా ఉంటే ఇంజను నిలకడగా తిరుగుతుంది, మూటతో కదిలేటప్పుడు ఆగిపోదు. తేలికగా ఉంటే చటుక్కున వేగమందుకుంటుంది, నెమ్మదిగా నడిపితే తడబడుతుంది. బరువు తీసినంత మాత్రాన హార్స్‌పవర్ పెరగదు. పందెపు బండికి మేలు చేసేది మూట మోసే బండికి కీడు.

ఇంకా టూ స్ట్రోక్ నడుపుతున్నవారికి ఒక మాట. పికప్ కోసం క్రాంకునూ ఫ్లైవీలునూ అరగదీయించకండి. అదురు పెరిగితే బేరింగులు చూపించండి. కనెక్టింగ్ రాడ్డు మార్పించినప్పుడు క్రాంకు వంకర లేకుండా డయల్ గేజీ మీద చూసి సరిచేయమని అడగండి. సరైన తూకమే ఇంజనుకు ఆయుష్షు.