తుంగభద్ర దాటితే పన్ను మారుతుంది
ఆన్‌లైన్ అమ్మకాల్లో రైతు సంఘాలు జీఎస్టీ లెక్క సరిచూసుకోవాలి

కర్నూలులో తుంగభద్ర వంతెన దాటితే అవతలి ఒడ్డు తెలంగాణ. 2014 జూన్ 2కు ముందు అటూ ఇటూ ఒకే రాష్ట్రం కాబట్టి అప్పట్లో ఈ పేచీ లేదు. ఇప్పుడు మనుషుల రాకపోకలకు అడ్డేమీ లేకున్నా, బిల్లు దగ్గర మాత్రం ఆ వంతెన సరిహద్దే. పసుపు పొడి, గానుగ నూనె, కొర్ర బియ్యం ఆన్‌లైన్‌లో అమ్మే రైతు సంఘాలు, డ్వాక్రా సంఘాలు ఈ సంగతి మరిస్తే కట్టిన పన్నే మళ్లీ కట్టాల్సి రావచ్చు.

రెండు రకాల లెక్క

2017 జూలై 1 నుంచి జీఎస్టీ అమల్లో ఉంది. సరుకు మన రాష్ట్రంలోనే దిగితే పన్నులో సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ. పక్క రాష్ట్రంలో దిగితే మొత్తం ఐజీఎస్టీ. రేటు ఒకటే, జమ అయ్యే పద్దు వేరు.

మైదుకూరు నుంచి 10 వేల రూపాయల పసుపు పొడి పంపారనుకుందాం. 5 శాతం చొప్పున పన్ను 500 రూపాయలు. కడపకు పంపితే 250, 250గా చూపాలి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైకి పంపితే 500 రూపాయలూ ఐజీఎస్టీయే.

ఎక్కడ పొరపాటు పడతాం?

* దుకాణం సెట్టింగుల్లో మన రాష్ట్రం కోడ్ 37 ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో పాత ఉమ్మడి రాష్ట్రం కోడ్ 28 కూడా కనిపిస్తుంది, దాన్ని ఎంచుకోరాదు. తెలంగాణ 36, కర్ణాటక 29, తమిళనాడు 33.
* ఇంటి అవసరానికి కొనేవారి బిల్లు చిరునామా ఒకటి, సరుకు చేరే చిరునామా మరొకటి అయితే సరుకు చేరే రాష్ట్రాన్నే లెక్కలోకి తీసుకోవాలి.
* అన్ని సరుకులకూ ఒకే రేటు పెట్టకూడదు. ఉల్లిగడ్డలకు, పచ్చి పసుపు కొమ్ములకు పన్ను లేదు. బియ్యం, కొర్రలు విడిగా అమ్మితే పన్ను లేదు. 25 కిలోల లోపు లేబుల్ ప్యాకెట్ కడితే 2022 జూలై 18 నుంచి 5 శాతం.
* ధరలో పన్ను కలిసి ఉందో లేదో తేల్చి పెట్టాలి. 105 రూపాయల ప్యాకెట్‌లో పన్ను కలిసి ఉంటే సరుకు విలువ 100, పన్ను 5.

తప్పు జరిగితే

నెలవారీ రిటర్ను వేసేవారు 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 ఇవ్వాలి. అంతకు ముందే ఒక పూట కూర్చుని ఆర్డర్లన్నీ రాష్ట్రాల వారీగా సరిచూస్తే పైసా ఖర్చు లేకుండా దిద్దుకోవచ్చు. పన్ను కట్టేశాక తప్పు బయటపడితే ఐజీఎస్టీ మళ్లీ కట్టి, ముందు కట్టింది వాపసు అడగాలి. దానిపై వడ్డీ పడదు. సరైన పన్ను కట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు అర్జీ పెట్టాలి. కానీ 2 లక్షల అమ్మకం మీద 10 వేలు అందాకా ఇరుక్కుపోతాయి. చిన్న సంఘానికి అది విత్తనాల డబ్బు!

రిజిస్ట్రేషన్ ఎవరికి?

సొంత సేద్యంలో పండిన పంటను అమ్ముకునే రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పన్ను లేని సరుకే అమ్మేవారికీ అక్కర్లేదు. సంఘం, కంపెనీ మాత్రం పన్ను ఉన్న సరుకును పక్క రాష్ట్రానికి పంపితే, టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు. మన రాష్ట్రంలోనే సరుకులు అమ్ముకుంటే 40 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంది. అట్లాంటి చిన్న అమ్మకందార్లు 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, రాష్ట్రం లోపల ఆన్‌లైన్ వేదికల ద్వారా కూడా అమ్మవచ్చు.

రిజిస్ట్రేషన్ ఉన్నవారి పన్ను సరుకులపై ఆన్‌లైన్ వేదికలు 2024 జూలై 10 నుంచి అర శాతం మినహాయిస్తున్నాయి. అది మన పేరు మీదే జమ అవుతుంది, అడిగి తీసుకోవడం మరవొద్దు.

కాటా దగ్గర తూకం చూసుకున్నట్టే, సరుకు పంపే ముందు బిల్లులో రాష్ట్రం పేరూ చూసుకోండి.