ఇళ్ల ప్లాన్ల నుంచి ఉక్కు శిల్పాల దాకా

అమెరికన్ శిల్పి టోనీ స్మిత్ (1912–1980) శిల్పం తొలిసారి మ్యూజియం గడప తొక్కేనాటికి ఆయన వయసు యాభై దాటింది. అప్పటిదాకా ఆయన ఇళ్లు కట్టించే ఆర్కిటెక్ట్, కాలేజీల్లో పాఠాలు చెప్పే మాస్టారు. ఒక వృత్తిలోంచి మరో వృత్తిలోకి ఆయన జరిగిన తీరు చాలా నెమ్మది. అందుకు దాదాపు పాతికేళ్లు పట్టింది.

స్మిత్ న్యూజెర్సీలోని సౌత్ ఆరెంజ్‌లో పుట్టారు. నీటి సరఫరాకు కావలసిన సామగ్రి, ఫైర్ హైడ్రంట్లు తయారుచేసే ఫ్యాక్టరీ వాళ్ల కుటుంబానిది. చిన్నతనంలో క్షయ సోకడంతో, మిగతా పిల్లలకు దూరంగా ఇంటి వెనక ఒక చిన్న గదిలో ఉంచారు. ఖాళీ మందుల పెట్టెలతో బుల్లి భవనాలు కట్టడమే అక్కడ ఆయన ఆట. పెద్దయ్యాక పగలు కుటుంబ ఫ్యాక్టరీలో పని, సాయంత్రం న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో బొమ్మల క్లాసులు. 1937లో షికాగోలోని న్యూ బౌహౌస్ డిజైన్ స్కూల్‌లో చేరి, చదువు పూర్తికాకుండానే బయటికొచ్చి, ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర పనికి కుదిరారు. డ్రాయింగు బల్లకన్నా ముందు ఇటుకలు, కర్రపని చేతికొచ్చాయి.

1940 నుంచి సొంతంగా ఇళ్లు డిజైన్ చేయసాగారు. రెండు దశాబ్దాల్లో కట్టినవి ఇరవై దాకా ఉంటాయి. కాగితం మీదే మిగిలిపోయినవి ఇంకా ఎక్కువ. కట్టించుకున్నవాళ్లలో చిత్రకారుడు థియోడొరోస్ స్టామోస్, గ్యాలరీ యజమాని బెట్టీ పార్సన్స్ ఉన్నారు. చిత్రకారులు జాక్సన్ పొల్లాక్, బార్నెట్ న్యూమన్, మార్క్ రోత్కో ఆయన ఆప్తమిత్రులు. పొల్లాక్ చిత్రాలతో ఒక చర్చి కట్టాలని ప్లాన్ గీసినా అది లేవలేదు. కట్టిన ఇళ్ల తిప్పలు వేరు. యజమానులు తమ అవసరానికి తగ్గట్టు మార్పులు కోరతారు, చేరికలు చేయిస్తారు. డబ్బు పెట్టేవాళ్లకు ఆ హక్కు లేదనలేం. కానీ ప్రతి కొలతనూ మరో కొలతతో ముడిపెట్టి గీసే స్మిత్‌లాంటి మనిషికి అది మింగుడుపడలేదు.

ఈ ఏళ్లన్నిటా బొమ్మలు వేయడం మాత్రం మానలేదు. 1953–55 మధ్య గాయని అయిన భార్య జేన్ వృత్తి కోసం జర్మనీలో ఉన్నప్పుడు గుండ్రటి రంగు రూపాలతో ‘లూయిజెన్‌బెర్గ్’ చిత్రాల వరుస వేశారు. అంతకుముందు జరిగిన ఒక కారు ప్రయాణాన్ని ఆయన 1966లో ఆర్ట్‌ఫోరమ్ పత్రికకు చెప్పారు. న్యూజెర్సీ టర్న్‌పైక్ రోడ్డు నిర్మాణం ఇంకా పూర్తికాలేదు. రాత్రి విద్యార్థులతో ఆ రోడ్డు మీద వెళ్లారు. దీపాలు లేవు, గీతలు లేవు. చీకటి, తారు, దూరంగా పొగగొట్టాలు, రంగు లైట్లు. మనిషి చేతిలో తయారైనదే, అయినా దాన్ని కళ అనడానికి లేదు. ఏ చిత్రమూ ఇవ్వని అనుభవం అక్కడ దొరికిందని ఆయన భావించారు. కళాచరిత్రకారులు ఈ ముచ్చటను ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు.

1961లో కారు ప్రమాదం తర్వాత ఆరోగ్యం దెబ్బతింది. కట్టడాల పని తగ్గి, పాఠాలు, కాగితపు నమూనాలు మిగిలాయి. త్రిభుజాలతో ఏర్పడే చతుర్ముఖులను అతికించి కొత్త రూపాలు కట్టేవారు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఇవే రూపాలతో గాలిపటాలు చేశారని ఆయనకు తెలుసు. రైట్ దగ్గర నేర్చిన షట్కోణపు గళ్లూ ఇక్కడ అక్కరకొచ్చాయి.

1962లో సహోద్యోగి బల్ల మీదున్న కార్డుల పెట్టె కంటబడింది. దాని కొలతలను ఐదు రెట్లు పెంచి, న్యూవార్క్‌లోని ఒక వెల్డింగ్ కంపెనీకి చెప్పి ఉక్కుతో చేయించారు. అదే ‘బ్లాక్ బాక్స్’. అదే ఏడు ఆరడుగుల ఉక్కు సమఘనం ‘డై’కి ఫోన్‌లోనే ఆర్డరిచ్చారు. స్వయంగా చెక్కని, పోతపోయని వస్తువు శిల్పమెలా అవుతుందని సందేహం రావచ్చు. ఆర్కిటెక్ట్ కూడా ఇటుక పేర్చడు. కొలతలిస్తాడు, మేస్త్రీలు కడతారు. స్మిత్ చేసిందీ అదే. ఇప్పుడు గదులు అడిగే యజమాని లేడు, అంతే తేడా. ఆరడుగుల కొలతలోనూ ఆర్కిటెక్ట్ బుద్ధి కనిపిస్తుంది. అంతకంటే పెద్దదైతే స్మారక కట్టడంలా, చిన్నదైతే చేతివస్తువులా తోస్తుందని ఆయన ఆలోచన.

గుర్తింపు ఆ తర్వాత త్వరత్వరగా వచ్చింది. 1964లో హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో ఒక శిల్పం, 1966లో అక్కడా ఫిలడెల్ఫియాలోనూ సొంత ప్రదర్శనలు, 1967 అక్టోబరులో టైమ్ పత్రిక ముఖచిత్రం. ఆ ముఖచిత్రం మీదున్న ‘స్మోక్’ ఇరవై నాలుగడుగుల ఎత్తున, కింద నడిచి వెళ్లేంత విశాలంగా, వాషింగ్టన్‌లోని కోర్కోరన్ గ్యాలరీలో నిలిచింది.

ఆ ‘స్మోక్’ నల్లరంగు పూసిన ప్లైవుడ్‌తో చేసినది. ప్రదర్శన తర్వాత విడదీశారు. ఖరీదైన లోహంలో చేయించలేక స్మిత్ చాలా శిల్పాలను ఇలాగే చెక్కతో నిలబెట్టేవారు. కొలతలు, నమూనాలు పదిలంగా ఉండడంతో ఆయన పోయాక కొన్నిటిని లోహంలో తయారుచేశారు. ‘స్మోక్’ 2005లో అల్యూమినియంలో రూపొంది, ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు చెందింది.